గృహస్థలములును గ్రామప్రణాళికయు

ఇల్లు లేనివానికి ఇల్లు కావలెననుటలో ఎవ్వరికిని భేదాభిప్రాయము లేదు. ప్రభుత్వములు మారినను ఈ వాగ్దానము మారలేదు. కాని ఆ యిల్లు ఎక్కడ కట్టవలెను, ఏ భూమిని విడిచి ఏ భూమిపై కట్టవలెను అను ప్రశ్నను పల్లెటూళ్లలో అడుగువారు అరుదు. పట్టణములో గోడ పెట్టవలెనన్నను పటము చూపవలసియున్నది. పల్లెలో పది యెకరముల పొలము ఒక్క వేసవిలో రాళ్లు పాతిన మైదానమైపోయినను, అది అమ్మిన రైతునకును కొన్న ఆసామికిని నడుమ జరిగిన బేరముగా మాత్రమే యెంచబడుచున్నది. ఇది యిద్దరి బేరము కాదు, ఊరందరి వ్యవహారము. ఈ సంగతిని మన పాఠకులకు విన్నవింపదలచి, దృష్టాంతముగా రామతీర్థమును గ్రహించుచున్నాము.

విజయనగరమునకు పండ్రెండు కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల మండలములోని యీ గ్రామము కొండల నీడన నున్నది. బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ అను పేర్లే దీని చరిత్రను చెప్పుచున్నవి. బౌద్ధ భిక్షువుల విహారములు ఇచ్చట వెలసినవి. జైనుల గుహలు వెలసినవి. తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలపు శాసనము దుర్గకొండ గుహలో నున్నది. పిదప రామచంద్రస్వామి దేవాలయము యాత్రాస్థలమైనది. ఇన్ని మతములవారు, ఇన్ని శతాబ్దులు, ఈ చోటనే యేల నివసించిరి? కొండ గాలివానకు అడ్డు. కొండపై కురిసిన నీరు క్రింది చెరువునకు చేరును. చెరువు క్రింద పల్లము పండును. నీరెక్కడ నిలుచునో చూచి మనుష్యుడు తన నివాసమును ఏర్పరచుకొనెను.

ఈ ప్రాంతపు పాత గ్రామములన్నియు ఇట్లే కట్టబడినవి. గ్రామకంఠము మిట్టపై నుండును. దాని చుట్టు గరువు, దాని క్రింద పల్లము. పశువులు పోవుటకు గోర్జి, అవి నీళ్లు త్రాగుటకు బంద, పంట నూర్చుటకు కళ్లము, వాననీరు పారుటకు గెడ్డ: వీనిలో ఒక్కటియు ఊరక యేర్పడినది కాదు. కాగితముపై వ్రాయకున్నను అది ప్రణాళికయే. అయితే ఆ ప్రణాళికలో న్యాయముండెనని మేము చెప్పజాలము. మంచి మిట్ట మోతుబరులకును, ఊరి చివర మురుగు చేరు పల్లపు చోటు దళితులకును కూలివారికిని దక్కెను. నీటి విషయమున పాతవారి తెలివిని గ్రహించి, మనుష్యుల విషయమున వారు చేసిన అన్యాయమును విడువవలెను. నేడు జరుగుచున్నది సరిగా దీనికి విపరీతము. నీటిదారులను మరచుచున్నాము; పేదవానిని ఊరి వెలుపల నుంచుట మాత్రము మరువలేదు.

నేడు భూమి వెల నాగలిని బట్టి గాక బాటను బట్టి నిర్ణయమగుచున్నది. ఒక వైపున విజయనగరము పెరుగుచున్నది. మరియొక వైపున భోగాపురము విమానాశ్రయమునకు 2023 మే నెలలో శంకుస్థాపనము జరిగినది. భోగాపురమును నెల్లిమర్లయు ఒకే శాసనసభా నియోజకవర్గములోనివి. ఇట్టి రెండు ఆకర్షణల నడుమ నున్న పల్లెలకు దళారి రాకతప్పదు. అతడు అమ్మునది ఇల్లు కాదు, ఇంటి ఆశ. కొన్నవారిలో పెక్కండ్రు అచ్చట కాపురముండబోరు. వెల పెరుగువరకు వేచియుందురు. ఆ పదేండ్లును ఆ భూమి పంటకు కాదు, కాపురమునకు కాదు. ముళ్లకంపలకు మాత్రము పనికివచ్చును.

నష్టమంతటితో ఆగినను కొంత నయము. ఒక పొలమును మెరక చేసి రాళ్లు పాతినప్పుడు దాని గట్టు వెంట పోవు పిల్లకాలువ పూడిపోవును. ఆ కాలువ ఆధారముగా దిగువ నున్న మడులకు నీరందదు. వానకాలమున నీరు దారి గానక పై మడులలో నిలిచి పైరును కుళ్లజేయును. నీరు లేని మడిని దాని యజమాని రెండేండ్లు ఓర్చి, మూడవయేట తానును అమ్మివేయును. అమ్మకము అమ్మకమును పిలుచుననుట దీనివలననే. మొదటివాడు లాభమునకై అమ్మెను. తరువాతివారు గత్యంతరము లేక అమ్మిరి.

ఇంకొక విడ్డూరమును చూడుడు. చంపావతి నదిపై కోటగండ్రేడు వద్ద ఆనకట్టయు, కుమిలి వద్ద జలాశయమును గట్టి పొలములకు నీరిచ్చుటకు ఉద్దేశింపబడిన పథకమునకు ఈ గ్రామము పేరు చేర్చియే తారకరామ తీర్థసాగరమని నామకరణము చేసిరి. దానికొరకు గ్రామములు ఖాళీచేయవలసివచ్చెను. పనులు ఏండ్ల తరబడి సాగినవి. కొందరి యిండ్లు తీసి తెచ్చు నీరు వచ్చులోపల, ఆ నీటికై యెదురుచూచు పొలములు ఇండ్లస్థలములుగా మారిపోయినచో, ఆ త్యాగమున కర్థమేమి?

ఇక పేదల గృహస్థలముల సంగతి. 2020 డిసెంబరులో రాష్ట్రమంతట సుమారు 30 లక్షలమందికి పట్టాలు పంచుటకు ప్రభుత్వము పూనుకొనెను. విజయనగరము మండలములోని గుంకలాములో 397 ఎకరములలో 12,301 స్థలములతో నొక పెద్ద నివేశనమును ఏర్పరచి, ఆ డిసెంబరు 30వ తేదీన నాటి ముఖ్యమంత్రియే పంపిణీ చేసిరి. సంఖ్య గొప్పదే. గ్రామములలో ఒక్కొక్కరికి నిర్ణయింపబడినది సెంటున్నర, అనగా 72 చదరపు గజములకు కొంచెము పైన. తరువాతి ప్రభుత్వము గ్రామములలో మూడు సెంట్లును, పట్టణములలో రెండు సెంట్లును ఇచ్చుటకు 2025లో నిశ్చయించెను. హెచ్చించుట మంచిదే. పల్లెటూరివాని యింట ఆవునకు చోటు కావలెను, కట్టెలకు చోటు కావలెను, ధాన్యపు బస్తాకు చోటు కావలెను. కాని యెన్ని సెంట్లు అను ప్రశ్నకు ముందు ఎక్కడ అను ప్రశ్న యున్నది. కూలికి పోవు పొలమునకును, పిల్లలు చదువు బడికిని, నీళ్లు తెచ్చుకొను నూతికిని దూరముగా, చౌకగా దొరికినదను కారణమున పల్లపు భూమిని కొని పంచినచో, అది పట్టాయగును గాని కాపురము గాదు.

దీనికి చట్టములు లేవా యని అడుగవచ్చును. కావలసినన్ని యున్నవి. 1992 నాటి రాజ్యాంగ సవరణము పంచాయతీలకు ఉద్దేశించిన 29 విషయములలో గ్రామీణ గృహవసతి యొకటి, భూమి అభివృద్ధి యొకటి. మేతబీళ్లు, కళ్లములు, శ్మశానములు, తోపులు 1994 నాటి మన పంచాయతిరాజ్ చట్టము ననుసరించి పంచాయతీ అధీనములోనివి. గ్రామములలో ఇండ్లస్థలముల విభజనమునకు 2002లోనే నియమములు వెలువడినవి. గ్రామముల ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగింపవలెనని 2011లో సుప్రీముకోర్టు రాష్ట్రములన్నింటిని ఆదేశించెను. మరియొక వైపున, సేద్యపు భూమిని ఇతర వినియోగమునకు మార్చుటపై 2006లో చేసిన చట్టమును 2025లో రాష్ట్రప్రభుత్వము రద్దుచేయ సంకల్పించినది. అనుమతుల జాప్యము తగ్గుట మేలే. కాని పై కట్టు సడలినకొలది గ్రామము తనకు తాను వేసికొను కట్టు గట్టిపడవలసియున్నది.

విశాఖపట్టణ ప్రాంతమునకు 1978లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ 2018లో మహానగర ప్రాంత సంస్థయై, 2041 వరకు వర్తించు బృహత్ప్రణాళికను సిద్ధపరచినది. దాని దృష్టి విజయనగరము వైపునకును వ్యాపించినది. అట్టి పటములలో రహదారులు కనబడును. మన బంద, మన గోర్జి కనబడవు. వానిని చూపగలవారు గ్రామస్థులే. గ్రామసభ సంతకముల పుస్తకముగా నున్నంతకాలము ఈ పని జరుగదు.

ఏమి చేయవలెను? మొదట, ఇల్లు కట్టదగిన చోటు గాక, కట్టదగని చోటును గుర్తింపవలెను. కొండవాలు, చెరువు శిఖము, గెడ్డ, కాలువ, దారి, శ్మశానము, మేతబీడు: వీనిని పటముపై గీసి, గ్రామసభలో చదివి, ఊరి గోడపై అందరికి కనబడునట్లు వ్రాయవలెను. రెండవది, గ్రామకంఠమునకు ఆనుకొనియున్న గరువు భూమిలో రాబోవు ఇరువదియేండ్లకు చాలు గృహస్థలమును ముందే నిర్ణయింపవలెను. అందు పేదల స్థలములు, ఇతరుల స్థలములు కలిసియుండవలెను. మూడవది, రామతీర్థము యాత్రాస్థలమగుటచే శ్రీరామనవమికిని శివరాత్రికిని వచ్చు జనము నిలుచు ఖాళీ స్థలమును, కొండల పాదములందలి పురాతన చిహ్నములను కట్టడములు ముంచకుండ కాపాడవలెను. దేవాలయ భూములను దేవాదాయశాఖ అనుమతి లేక అన్యాక్రాంతము చేయరాదని 1987 నాటి చట్టమే చెప్పుచున్నది. నాల్గవది, గాలివానను మరువరాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ జిల్లాకు నేర్పిన పాఠము ఇంకను పాతబడలేదు. చెట్లు లేని మైదానమున రేకు కప్పిన ఇల్లు ఇల్లనిపించుకొనదు.

“నా భూమి నా యిష్టము” అని భూస్వాములు అనవచ్చును. వారి హక్కును మేము కాదనుట లేదు. కాని ఆ భూమికి విలువ యెవరిచ్చిరి? పై రైతు తన గట్టు మీదుగా నీరు పోనిచ్చెను. ఊరు దారి నిచ్చెను. ప్రభుత్వము రహదారి వేసెను. ఇందరు కలసి కల్పించిన విలువను ఒక్కడు అమ్ముకొనుచు, దిగువవాని నీటిని ఆపుట హక్కు గాదు. అట్లని, పటములో చెరువు ప్రక్కన పడినవాడు మాత్రమే నష్టపోవుటయు న్యాయము గాదు. అందరును తమ భూములలో కొంతభాగమును దారులకును ఉమ్మడి స్థలములకును విడిచి, మిగిలినదానిని మరల పంచుకొను పద్ధతి బొంబాయి ప్రెసిడెన్సీలో 1915 నాటి చట్టముతోనే ఆరంభమైనది. నగరములకు సాధ్యమైనది, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొను పల్లెలో సాధ్యము గాకపోదు.

రామతీర్థమునకు చెప్పిన ఈ మాట ఉత్తరాంధ్రములోని ప్రతి గ్రామమునకు వర్తించును. రాబోవు గ్రామసభకు మన పాఠకులలోని భూస్వాములు తాము పోవుటయే గాక తమ పాలేర్లను, కౌలుదార్లను, వారి యింటి ఆడవారిని గూడ రమ్మనవలెను. ఇంటిచోటు ఎక్కడ కావలెనో ఇల్లు లేనివారినే అడుగవలెను. పటము ముందు, పట్టా తరువాత, రాళ్లు ఆ పిమ్మట. ఈ వరుస తప్పినచో ఊరి పటమును దళారియే గీయును. దానిని చెరుపుటకు మన మనుమల తరమునకు గూడ శక్యము గాదు.