నక్కను పిలిచే పెట్టె

మన కోనసీమలో రాత్రిపూట ఒక నక్క ఊళ వేస్తే, కాలవ అవతలి గట్టునుంచి ఇంకోటి అందుకుంటుంది. ఈ బదులు పలికే గుణాన్నే వేటగాడు వాడుకున్నాడు.

అమెరికాలో నక్కకు దగ్గర చుట్టం కొయోటీ. దాన్ని వేటాడేవాళ్ళు గాయపడ్డ కుందేలు అరుపునో, కొయోటీ ఊళనో స్పీకరు పెట్టెలోంచి వినిపిస్తారు. పెట్టెను దూరంగా ఉంచి రిమోటుతో నడుపుతారు. జంతువు చూపంతా పెట్టె మీదే! నక్కజిత్తులని పేరేగాని, ఈ జిత్తు మనిషిదే. అయితే కొయోటీ గాలివాలుకు చుట్టి వచ్చి వాసన చూస్తుంది. గాలి ఎటో చూసుకోనివాడికి ఎంత ఖరీదైన పెట్టె అయినా దండగే. మోత కంటే స్పష్టత ముఖ్యం. మొదట మెల్లగా మోగించాలి.

మన దేశంలో నక్కవేట నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో నక్క మొదటి షెడ్యూలులో చేరింది. ఇక్కడ ఆ పెట్టె పరిశోధకులకే పనికొస్తుంది. అనుమతితో ఊళ వినిపించి, కాసేపు ఆగి, ఎటునుంచి ఎన్ని గుంపులు బదులిచ్చాయో రాసుకుంటారు. ఒకేచోట పదేపదే మోగిస్తే నక్కలు పట్టించుకోవడం మానేస్తాయి, లెక్క తప్పుతుంది.

ఫోనులో ఊళ మోగించి సరదా పడే మిత్రులూ! చేలల్లో ఎలుకల్నీ పీతల్నీ తిని బతికే ఆ జీవికి అది పాట కాదు, తన తావులోకి పరాయి గుంపు దిగిందన్న కబురు.