పన్నెండు ఓడలు, ఒకే ఒక్క సాక్షి

ట్రాయ్ యుద్ధానికి ఒడిస్సియస్ పన్నెండు ఓడలతో వెళ్లాడు. ఇరవై ఏళ్ల తర్వాత సొంతూరు ఇథాకాకు ఒక్కడే వచ్చాడు, అదీ పరాయివాళ్ల ఓడలో, నిద్రపోతూ. ఓడకు ఎంతమంది ఉండేవారో గ్రీకు కవి హోమర్ తన ‘ఒడిస్సీ’లో సూటిగా చెప్పడు గానీ లెక్క కట్టొచ్చు. కథ సగంలో, మిగిలిన ఒక్క ఓడ సిబ్బందిని రెండు జట్లు చేస్తే జట్టుకు నాయకుడు కాక ఇరవై ఇద్దరు తేలతారు. అప్పటికే ఆ ఓడలోవాళ్లు పది మందికి పైగా పోయారు. అంటే మొదట్లో ఓడకు యాభై పైమాటే. మొత్తం మీద ఆరు వందల మంది. వాళ్లలో ఇల్లు చేరింది కెప్టెన్ ఒక్కడే.

నేను సరుకు ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరై విశాఖలో స్థిరపడినవాణ్ణి. మా వృత్తిలో ఒక్క ఖలాసీ సముద్రంలో పోయినా విచారణ తప్పదు. లాగ్‌బుక్ తెమ్మంటారు, ఆ టైములో వాచ్‌లో ఎవరున్నారంటారు, అంతకుముందు ఎన్ని గంటలు నిద్రపోయావని అడుగుతారు. ఒడిస్సీని లోకమంతా వీరగాథ అంటుంది, కాదనను. నాకు మాత్రం అది ప్రమాద నివేదికలా కనిపిస్తుంది. అలా చదివినప్పుడే ఆ కావ్యం నాకు బాగా పట్టుబడింది.

ముందు యుద్ధం సంగతి. స్పార్టా రాజు మెనెలాస్ భార్య హెలెన్‌ను ట్రాయ్ రాకుమారుడు పారిస్ తీసుకుపోయాడు. మెనెలాస్ అన్న అగమెమ్నాన్ గ్రీకు రాజులందరినీ కూడగట్టి దండెత్తాడు. పదేళ్లు సాగింది. హోమర్ పేరు మీద ఉన్న రెండు కావ్యాల్లో ఇలియడ్ ఈ యుద్ధం కథే అయినా, పదిహేను వేల పైచిలుకు పంక్తుల్లో అది చెప్పేది పదో ఏట జరిగిన కొన్ని వారాల సంగతి. గ్రీకు వీరుడు అకిలీస్ అలగడంతో మొదలై, అతని చేతిలో చచ్చిన ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. మనలో చాలామంది అనుకునేట్టు, ట్రాయ్‌ను పడగొట్టిన కొయ్యగుర్రం ఇలియడ్‌లో లేదు. అకిలీస్ చావూ లేదు. గుర్రం ముచ్చట ఒడిస్సీలో వస్తుంది. ఈ రెండు కావ్యాలూ క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దం ప్రాంతంలో రూపం కట్టాయని ఎక్కువమంది పండితుల మాట. అంతకుముందు తరతరాలుగా గాయకుల నోట పాడుతూ వచ్చినవే. ట్రాయ్ అనుకుంటున్న చోటు నేటి టర్కీలోని హిసార్లిక్ దిబ్బ. 1870లలో జర్మన్ వ్యాపారి ష్లీమన్ తవ్వించాడు. తొందరలో పైపొరలు చాలా పాడుచేశాడు కూడా.

ఆ యుద్ధానికి ఒడిస్సియస్ సరదాపడి వెళ్లలేదు. హోమర్ బయటి గాథలు చెప్పేదేమంటే, పిలవడానికి వచ్చినవాళ్ల ముందు పిచ్చివాడిలా నటిస్తూ నాగలి దున్నాడట. పాలమెడీస్ అనేవాడు పసివాడైన టెలిమాకస్‌ను తెచ్చి నాగలి ముందు పడుకోబెట్టాడు. తండ్రి నాగలి పక్కకు తిప్పాడు, నాటకం బయటపడింది. పెళ్లాం బిడ్డల్ని వదిలి ఓడెక్కే రోజు ఎలా ఉంటుందో తెలిసినవాడిగా ఈ ఒక్క చోట నా ఓటు అతనికే.

ట్రాయ్ నుంచి ఇథాకా ఎంత దూరమనుకున్నారు? ఏజియన్ దాటి, గ్రీసు దక్షిణాన మెలియా అగ్రం చుట్టి, పడమటి తీరం వెంట పైకి వెళితే ఐదారు వందల నాటికల్ మైళ్లు. ఇప్పటి సరుకు ఓడకు రెండు రోజుల పని. తెడ్లూ తెరచాపతో వెళ్లినా, గాలి సహకరిస్తే వారాల్లో తేలాలి. ఒడిస్సియస్ మెలియా దగ్గర ఉత్తరపు గాలికి చిక్కి దారి తప్పాడు. ఇంతవరకు నమ్మొచ్చు, ఆ అగ్రం దగ్గర గాలి ఇప్పటికీ మొండిదే. అక్కడి నుంచి కథ మ్యాపు దాటిపోతుంది. పదేళ్ల ప్రయాణం అంటారు గానీ అందులో ఏడేళ్లు కలిప్సో అనే దేవత దీవిలో, ఏడాది మంత్రగత్తె కిర్కే ఇంట్లో గడిచింది. సముద్రం మీద ఉన్నది తక్కువే.

ఇక ప్రమాదాలు. మెలియాకు ముందే సికోనుల ఊరు దోచుకున్నాడు. వెంటనే కదులుదామన్నాడు, సిబ్బంది తాగుతూ కూర్చున్నారు, తెల్లవారేసరికి ఊరివాళ్లు బలగంతో వచ్చిపడ్డారు. ఓడకు ఆరుగురు చొప్పున డెబ్బై రెండు మంది. ఇది సిబ్బంది ఖాతాలోనే రాద్దాం. తర్వాత ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ గుహ. జున్ను తీసుకుని పోదామని సిబ్బంది బతిమాలారు. ఇంటి యజమాని ఏం కానుకలిస్తాడో చూడాలని కెప్టెనే ఉండిపోయాడు. ఆరుగురు వాడి నోట పడ్డారు. తన పేరు ‘ఎవడూకాదు’ అని చెప్పి, వాడి కన్ను పొడిచి, గొర్రెల పొట్ట కింద దాక్కుని బయటపడ్డ తెలివి అందరికీ తెలిసిందే. అంత తెలివీ ఓడ తీరం వదిలాక ఏమైందో! వద్దు వద్దంటున్నా వినకుండా తన అసలు పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అరిచి చెప్పాడు. పాలిఫీమస్ తండ్రి సముద్రదేవుడు పొసైడన్. శాపం ఇవ్వడానికి చిరునామా దొరికింది.

నన్ను ఎక్కువ ఆపేసిన ఘట్టం తర్వాతిది. గాలుల అధిపతి ఈయోలస్ ఎదురుగాలులన్నీ తోలుసంచిలో బిగించి ఇచ్చి, అనుకూలమైన పడమటి గాలి ఒక్కదాన్ని వదిలాడు. తొమ్మిది రోజులు ఒడిస్సియస్ చాపతాడు ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే పట్టుకున్నాడు. పదో రోజున ఇథాకా కనిపించింది. ఒడ్డున మంటలు వేసుకుంటున్న మనుషులు కూడా కనిపించారు. అప్పుడు కళ్లు మూతపడ్డాయి. సంచిలో వెండీ బంగారమూ ఉన్నాయనుకుని సిబ్బంది విప్పారు. ఓడలన్నీ మొదటికొచ్చాయి.

ఆ సిబ్బందిని దురాశపరులని తిట్టడం సులువు. కానీ సంచిలో ఏముందో వాళ్లకు చెప్పినట్టు కావ్యంలో ఎక్కడా లేదు. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎవడు విప్పుతాడు? ఇక తొమ్మిది రోజుల వాచ్! ఇవాళ అంతర్జాతీయ నియమాల ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఎందుకంటే నిద్రలేని మనిషి ఎంత గొప్పవాడైనా చివరికి పడిపోతాడు, అదీ సరిగ్గా పడిపోకూడని చోట. వాచ్ అప్పగించడం తెలియని ఆఫీసర్లను నేనూ చూశాను. తన తర్వాతివాడి మీద నమ్మకం లేదంటాడు. ఆ తర్వాతివాడికి నేర్పింది ఎవరు మరి?

లెస్ట్రిగోనియన్ల రేవులో జరిగింది ఇంకా ఘోరం. చుట్టూ కొండలు, ఇరుకు ముఖద్వారం, లోపల నీళ్లు అద్దంలా ఉన్నాయి. పదకొండు ఓడలు లోపలికి పోయి పక్కపక్కనే కట్టుకున్నాయి. ఒడిస్సియస్ తన ఓడ ఒక్కదాన్నీ బయట బండకు కట్టాడు. కారణం చెప్పడు. నావికుడిగా అది సరైన పని, పారిపోవడానికి నీళ్లుండాలి. అంత తెలిసినవాడు మిగతా పదకొండింటిని ఎందుకు పోనిచ్చాడు? నరమాంసం తినే ఆ రాక్షసులు పైనుంచి బండలు విసిరి ఓడలన్నీ ముక్కలు చేశారు, మనుషుల్ని చేపల్లా పొడిచి పట్టుకుపోయారు. అతను తాడు కత్తితో తెగగొట్టి బయటపడ్డాడు. పోయినవాళ్లలో ఎక్కువమంది పోయింది ఈ ఒక్క పూటలోనే. దానికి కావ్యంలో దక్కింది కొద్ది పంక్తులు.

ఆ తర్వాత ఎదురైన రాక్షసి స్కిల్లాను, సుడిగుండం కరిబ్డిస్‌ను పూర్వులు ఇటలీకి, సిసిలీకి మధ్య ఉన్న మెస్సినా జలసంధిలో చూపించారు. పోర్ట్ సయీద్ నుంచి జెనోవా వెళ్లే దారి అది. ఇరుకైన చోట మూడు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. రెండు వైపులా సముద్రాల పోటుపాట్లు ఒకదానికొకటి ఎదురు కావడంతో ప్రవాహం తిరగబడుతూ, అక్కడక్కడ సుడులు లేస్తాయి. మా ఓడ పరిమాణానికి అదొక లెక్క కాదు, అయినా ఇంజిన్ స్టాండ్‌బైలో పెట్టుకునే దాటేవాళ్లం. తెడ్ల పడవకు మాత్రం ఆ నీళ్లు ప్రాణాంతకమే. కలాబ్రియా ఒడ్డున షిల్లా అనే ఊరు ఇప్పటికీ ఆ రాక్షసి పేరే మోస్తోంది. ఆరు తలల స్కిల్లా ఆరుగురిని తినక మానదని కిర్కే ముందే చెప్పింది. చెబితే భయపడి తెడ్లు వదిలేస్తారని ఒడిస్సియస్ ఈ సంగతీ దాచాడు. ఇక్కడ కొంత న్యాయముందేమో. కానీ దాచడం అప్పటికే అలవాటైపోయింది.

మిగిలిన ఓడ సూర్యదేవుడి పశువుల దీవిలో ముగిసింది. పశువుల జోలికి పోవద్దని ఒట్టు వేయించుకున్నాడు. నెల రోజులు గాలి మారలేదు, తిండి అయిపోయింది. ఆయన పక్కకు పోయి దేవుళ్లకు మొక్కుకుంటూ మళ్లీ నిద్రపోయాడు. ఆకలికి తాళలేక వాళ్లు ఆవుల్ని కోశారు. పిడుగు పడింది, అందరూ పోయారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇవన్నీ మనకు చెబుతున్నది ఎవరు? హోమర్ కాదు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు సర్గలూ ఫియేషియన్ల రాజు ఆల్కినస్ విందులో ఒడిస్సియస్ స్వయంగా చెప్పుకున్న కథ. ఇంటికి దిగబెట్టమని ఓడ అడగాల్సిన స్థితిలో ఉన్న మనిషి చెప్పిన కథ. కాదనడానికి మరో సాక్షి బతికి లేడు. పశువుల్ని కోసిన సంగతి విని సూర్యుడు ఏమన్నాడో నీకెలా తెలుసని అడగబోయేలోపు, కలిప్సో చెప్పిందని, ఆమెకు దేవదూత హెర్మీస్ చెప్పాడని అతనే అంటాడు. మా విచారణాధికారి ఇలాంటి వాంగ్మూలం వింటే కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేవాడు. ఎదురు చెప్పగలవాడు యూరిలోకస్ ఒకడుండేవాడు. గుహలో మనవాళ్లు చచ్చింది ఈయన మొండితనం వల్లేనని ముఖం మీదే అన్నాడు. బంధువైనా తల నరకాలనిపించిందని ఒడిస్సియసే ఒప్పుకుంటాడు.

ఈ కోణం నా ఒక్కడిదే కాదు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులకు వైద్యం చేసిన మానసిక వైద్యుడు జొనాథన్ షే, 2002లో వచ్చిన ‘ఒడిస్సియస్ ఇన్ అమెరికా’లో నాయకుడిగా అతన్ని గట్టిగానే తప్పుపట్టాడు. అదే పుస్తకంలో, యుద్ధం నుంచి వచ్చినవాడు ఇంట్లో ఇమడలేకపోవడానికి ఇతన్నే ఉదాహరణగా చూపించాడు.

అది కూడా నిజమే. ఇరవై నాలుగు సర్గల్లో పదమూడో దాంట్లోనే ఇథాకా వచ్చేస్తుంది. మిగతాదంతా ఊళ్లో ఉండి ఇల్లు చేరడం. ఇంట్లో నూట ఎనిమిది మంది అతని భార్య పెనెలోపిని పెళ్లాడతామని తిష్ట వేసి ఆస్తి తినేస్తున్నారు. ఆమె మామగారికి శవవస్త్రం నేస్తున్నానని పగలు నేసి రాత్రి విప్పుతూ మూడేళ్లు నెట్టుకొచ్చింది. బిచ్చగాడి వేషంలో వచ్చిన యజమానిని ముసలి కుక్క గుర్తుపట్టి తోక ఊపి చచ్చిపోతుంది. విల్లు ఎక్కుపెట్టి అందరినీ చంపాక కూడా పెనెలోపి నమ్మదు. మంచం బయట వేయమని దాసికి చెబుతుంది. బతికున్న ఆలివ్ చెట్టు మొదలునే కోడుగా చెక్కిన మంచం అది, కదలదు. ఆ సంగతి తెలిసినవాడు మండిపడతాడు, ఆమె నమ్ముతుంది. ఈ కావ్యంలో ఒడిస్సియస్‌ను సరిగ్గా విచారించింది ఆవిడొక్కతే. అదే రోజున పన్నెండు మంది పనిపిల్లల్ని ఉరి తీయించారని మాత్రం మరవకండి.

అలెగ్జాండ్రియా పండితులు కొందరు కావ్యం ఆ మంచం దగ్గరే, ఇరవై మూడో సర్గలోనే ముగిసిందన్నారు. నేను ఒప్పుకోను. ఇరవై నాలుగో సర్గలో చచ్చినవాళ్ల తండ్రుల్లో ఒకడు, యూపీతీస్, సభలో లేచి ఏడుస్తూ అడుగుతాడు: ఓడలు తీసుకెళ్లాడు, ఓడలు పోయాయి, మనుషులూ పోయారు, తిరిగొచ్చి ఉన్నవాళ్లనీ చంపాడు, ఊరుకుందామా? అతనికి జవాబు చెప్పినవాళ్లు పోయిన ఓడల సంగతి ఎత్తనే లేదు. ఒడిస్సియస్ తండ్రి విసిరిన బల్లెం తగిలి చచ్చాడు, ఆపైన దేవతలు దిగొచ్చి జరిగిందంతా మరచిపోండని సంధి చేశారు.

చదవాలనుకునేవారికి ఒక మాట. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు ఇ.వి. రియూ 1946లో చేసిన వచనానువాదం తేలిగ్గా సాగుతుంది. పెంగ్విన్ క్లాసిక్స్ వరుసలో తొలి పుస్తకం అదే. ఎమిలీ విల్సన్ 2017 నాటి అనువాదం పద్యంలో ఉన్నా మాట సూటిగా ఉంటుంది, ఆ పనిపిల్లల్ని బానిసలని దాపరికం లేకుండా పిలుస్తుంది. తొమ్మిదో సర్గ నుంచి మొదలుపెట్టినా పరవాలేదు. చివరి సర్గ మాత్రం వదలకండి, యూపీతీస్ మాట విన్నాకే తీర్పు చెప్పండి.