పూత కాలంలో పంపుకీ అగ్గికీ సెలవు ఇద్దాం



ఈసారి వీడియోలో పొలం లేదు. మూడు పెరళ్లు ఉన్నాయి. ఒకటి మాది, కొత్తగూడెం, పాల్వంచ మధ్యలో. రెండోది పాల్వంచ దాటాక ఒక టీచరమ్మ గారిది. మూడోది గోదావరి దాటి, భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు వెళ్లే దారిలో ఒక కోయ గూడెంలో. మూడు చోట్లా పూత మీద ఉన్న మొక్కల్నే చూశాను. వీడియోలో మొక్కలు బాగా కనిపిస్తాయి కానీ మాటలు కొన్ని మిగిలిపోయాయి. అవి ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర మాఘం దాటి ఫాల్గుణం వచ్చిందంటే అడవి ఆకు రాల్చేస్తుంది. పొలాల్లో పత్తి అయిపోయి ఉంటుంది, మిరప కోతలు నడుస్తుంటాయి. అట్లాంటప్పుడు పాల్వంచ నుంచి భద్రాచలం రోడ్డు మీద పోతుంటే ఒక్క ఆకు లేని మోదుగ చెట్లు నిప్పు రంగులో కనిపిస్తాయి. బూరుగ ఎర్రగా పూస్తుంది. రాళ్ల గుట్టల మీద కొండగోగు పసుపు పచ్చగా పూస్తుంది. ఇది చూడ్డానికి బాగుంటుందని మాత్రమే చెప్పడం లేదు. మన పెరట్లో కాయ నిలవాలంటే ఆ అడవి పూత కూడా ఉండాలి. అదెట్లాగో నాకు నష్టం వచ్చాకే అర్థమైంది.

నేను చేసిన తప్పు

మూడేళ్ల కిందటి మాట. మా పెరట్లో రెండు బంగినపల్లి చెట్లు, ఒక నాటు మామిడి ఉన్నాయి. ఆ ఏడు పూత చెట్టంతా కమ్మేసింది. గుత్తుల మీద తేనెమంచు పురుగు కనిపించింది. నాకు గుండె జారిపోయింది. 2021-22లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చి, మన ఖమ్మం వైపు రైతులు నిలువునా తోటలు పీకేసిన రోజులు అప్పటికి ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

వెంటనే నీమాస్త్రం తయారు చేసి, తైవాన్ పంపులో పోసుకుని, పొద్దున తొమ్మిదింటికి విచ్చుకున్న పూత మీద కొట్టాను. మూడు రోజులకోసారి చొప్పున మూడుసార్లు. "రసాయనం కాదు కదా, ఏం కాదులే" అనుకున్నాను. మనలో చాలామంది అనుకునే మాటే ఇది.

ఏమైందంటే, పంపు అందిన కింది కొమ్మలకి పూత మాడిపోయి పుల్లలు మిగిలాయి. పంపు అందని పై కొమ్మలకి కాయ నిలిచింది. కింది కొమ్మలకి ఎండ తక్కువ, మంచు ఎక్కువ, అందుకే పోయి ఉంటుందని ఒకాయన అన్నారు. అదీ కొంత నిజమే కావచ్చు. కానీ మరుసటి ఏడు పూత విచ్చుకున్నాక చెట్టు జోలికే పోలేదు. కింది కొమ్మలకి కూడా కాయ నిలిచింది.

మామిడి గుత్తిలో వందల్లో, ఒక్కోసారి వేలల్లో పూలుంటాయి. అందులో ఎక్కువ మగ పూలే. కాయ అయ్యే పూలు కొన్నే. చివరికి గుత్తికి ఒకటో రెండో కాయలు నిలుస్తాయి. ఆ ఒకటి రెండు నిలవాలన్నా పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి చేరాలి. మామిడికి ఆ పని ఎక్కువగా చేసేది ఈగలు. అవును, మనం విసుక్కుని తోలేసే ఈగలే. తేనెటీగలు కూడా వస్తాయి. నేను కొట్టిన నీమాస్త్రం వాసనకి ఇవేవీ దగ్గరికి రాలేదు. పైగా పంపు జోరుకి పుప్పొడి తడిసిపోయింది, లేత పూలు రాలిపోయాయి.

అందుకని ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది:

- మొగ్గ పగలక ముందే చూసుకోవాలి. తేనెమంచు పురుగు గాలి, వెలుతురు ఆడని గుబురు కొమ్మల్లో దాక్కుంటుంది. కాయ కోత అయిపోయాక ఆ గుబురు పల్చన చేస్తే సగం బాధ తప్పుతుంది.
- కషాయం కొట్టాల్సి వస్తే పూమొగ్గ దశలోనే. బూడిద తెగులుకి 100 లీటర్ల నీళ్లకి 3 లీటర్ల బాగా పులిసిన మజ్జిగ కలిపి కొడతాను. అది కూడా పూలు విచ్చుకోకముందే, సాయంత్రం పూట.
- పూలు విచ్చుకున్న దగ్గర్నుంచి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా పంపు అటకెక్కాల్సిందే.
- పూతకు ముందు చెట్టుకి నీళ్లు ఆపాలి. పిందె కట్టాకే మళ్లీ నీళ్లు, జీవామృతం ఇవ్వాలి.

టీచరమ్మ గారి పందిరి

పాల్వంచ దాటాక ఉన్న పెరడు చిన్నదే, నాలుగు గుంటలు ఉంటుందేమో. పందిరి మీద సొర, బీర, కాకర. గోడ వారగా మునగ. ముందు వాకిట్లో మల్లె పొదలు.

నేను వెళ్లిన రోజు ఆవిడ దిగులుగా ఉన్నారు. "సొర పిందెలన్నీ పచ్చబడి రాలిపోతున్నాయి అన్నా, వేప నూనె కొట్టమంటారా?" అని అడిగారు. నాలుగు రాలిన పిందెలు ఏరి, బ్లేడుతో కోసి చూశాం. లోపల శుభ్రంగా ఉంది.

ఈ చిన్న పరీక్ష అందరూ చేయండి. రాలిన పిందె కోస్తే లోపల తెల్ల పురుగులుంటే అది పండు ఈగ పని. ఆ పిందెలన్నీ ఏరి పాతిపెట్టాలి, ఎర బుట్టలు కట్టాలి. లోపల పురుగు లేకుండా పిందె పచ్చబడి రాలిందంటే చాలాసార్లు పుప్పొడి అందకనే. దానికి మందు కొడితే వచ్చే నాలుగు తేనెటీగలు కూడా రావు. రోగం మనమే పెంచుకున్నట్టవుతుంది.

సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. బీర కూడా పొద్దు వాలాకే. కాకర, దోస, గుమ్మడి మాత్రం పొద్దున్నే విచ్చుకుంటాయి. కింద చిన్న పిందె ఉంటే ఆడ పువ్వు, సన్న కాడ మాత్రమే ఉంటే మగ పువ్వు. ఆ సాయంత్రమే ఒక మగ పువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, దాని పుప్పొడిని ఆరు ఆడ పూల మధ్యలో తాకించి గుర్తుగా దారాలు కట్టాం. ఆరింటిలో అయిదు నిలిచాయి. వీడియోలో వారం తర్వాత తీసిన ముక్క కూడా పెట్టాను.

ఆవిడ మునగకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. చెట్టు నిండా పూలు, నిండా కాయలు. ఎందుకంటే పాత పశువుల కొట్టం దూలం ఆవిడ తీసేయలేదు. ఆ దూలంలో నల్ల తుమ్మెదలు బొక్కలు చేసుకుని ఉంటున్నాయి. మునగ పువ్వుకి పుప్పొడి చేర్చడంలో ఈ తుమ్మెదలదే పెద్ద చెయ్యి. ఇంటి దూలానికి భయమైతే పెరటి మూల ఎండిన వెదురు బొంగులు, ఒక మొద్దు పడేసి ఉంచండి.

మల్లె సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. ఆవిడ పద్ధతి తేలిక. చలికాలంలో నీళ్లు ఆపేస్తారు. జనవరి చివర ఆకు దూసి, కొమ్మలు మోకాలెత్తుకి కత్తిరిస్తారు. మొదట్లో తవ్వి ఘన జీవామృతం వేసి అప్పుడు నీళ్లు పెడతారు. కొత్త చిగురుతో పాటే మొగ్గ వస్తుంది. నేను వెళ్లేటప్పటికి వాకిలంతా వాసన.

గూడెంలో ఇప్ప చెట్టు కింద

మూడో చోటుకి తెల్లవారకముందే చేరుకోవాలని ముందు రోజు రాత్రే భద్రాచలం వచ్చి పడుకున్నాను. ఉగాది దగ్గర పడుతోంది. రామనవమి కల్యాణానికి ఊళ్లో పందిళ్ల పని మొదలైంది.

ఇప్ప పువ్వు రాత్రి పూట విచ్చుకుంటుంది. దాని దగ్గరికి గబ్బిలాలు వస్తాయి. తెల్లవారుజాముకి తెల్లటి, గుజ్జుగా ఉండే పూలు టపటపా రాలుతుంటాయి. గూడెం ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని చీకటితోనే బయల్దేరతారు. ఎలుగుబంటి కూడా అదే పువ్వు కోసం వస్తుంది కాబట్టి గుంపుగా వెళ్తారు. పువ్వు ఎండబెట్టి దాచుకుంటారు, వండుకుంటారు, అమ్ముకుంటారు. వానలు మొదలయ్యేనాటికి కాయ పండి గింజ దొరుకుతుంది. దాని నుంచి నూనె తీస్తారు. ఒక్క చెట్టు ఇంటికి రెండు పంటలు ఇచ్చినట్టే.

ఇక్కడే ఒక చిక్కుంది. పువ్వు రాలే కాలానికి చెట్టు కింద ఎండుటాకు మందంగా పడి ఉంటుంది. పూలు కనపడవు. అందుకని చాలాచోట్ల ఆకుకి అగ్గి పెడతారు. నేల నల్లగా శుభ్రం అవుతుంది, దాని మీద తెల్ల పూలు ఏరుకోవడం తేలిక. కానీ గాలి వచ్చిందంటే ఆ అగ్గి చెట్టు దగ్గర ఆగదు. పక్కన పూత మీద ఉన్న జీడిమామిడి తోటలోకో అడవిలోకో పాకుతుంది.

మేం వెళ్లిన ఇంటి పెద్దమ్మ అగ్గి పెట్టడం మానేసి కొన్నేళ్లయిందట. చీపురుతో ఆకు చిమ్మి, పాత చీరలు, పచ్చ వల పరుస్తారు. "అగ్గి పెడితే శ్రమ లేదు కదా పెద్దమ్మా?" అన్నాను.

"ఒక్క పొద్దులో అయిపోద్ది బాబూ. నేనూ పెట్టినదాన్నే. మా అత్త ఏరిన చెట్టు కిందే ఇప్పుడు నేను ఏరుతున్నా. చుట్టూ చూడు, ఒక్క పిల్ల చెట్టుందా? ఏటేటా మొలిచింది మొలిచినట్టే కాల్చుకున్నాం. రేపు నా కోడలు ఏ చెట్టు కింద ఏరుకుంటది?" అంది.

చుట్టూ చూశాను. నిజంగానే అన్నీ ముసలి చెట్లే. ఆవిడ మానేసిన తర్వాత మొలిచినవి రెండో మూడో, మోకాలెత్తున, చుట్టూ ముళ్ల కంపతో ఉన్నాయి.

మనం ఆచ్ఛాదన గురించి గంటలు గంటలు మాట్లాడతాం. ఆకు బంగారం అంటాం. మరి గట్టు మీద ఆకు, మామిడి కింద ఆకు పోగేసి అగ్గిపుల్ల గీసే రైతులు మనలో లేరా? నేనూ గీశాను. ఆకుతో పాటు నేలలో గూడు కట్టుకునే ఈగలు, పురుగులు, వానపాములు, అన్నీ పోతాయి. పెరట్లో, పట్టా భూమిలో రాలిన ఆకు మొక్కల మొదట్లో పరుద్దాం. అడవిలో ఆకుని మాత్రం చెట్టు కింద నుంచి పక్కకి జరిపితే చాలు, ఇంటికి మోసుకు రావద్దు. అది అడవి తిండి.

పూత తెగకుండా చూసుకుందాం

తేనెటీగ మన పెరట్లో మామిడి పూసిన ఇరవై రోజులే బతకదు కదా. మిగతా రోజులు ఎక్కడ తింటుంది? లెక్క చూడండి. జనవరి, ఫిబ్రవరిలో మామిడి, జీడిమామిడి, మునగ. తర్వాత మోదుగ, బూరుగ. వీటి మీదికి గోరింకలు, తేనెపిట్టలు కూడా వస్తాయి, వచ్చినవి మన తోటలో పురుగులు కూడా ఏరుకుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో వేప, ఇప్ప, కానుగ. ఎండలు ముదిరాక రేల. ఇందులో ఒక్కటి తెగినా ఈగకి ఆ పూట పస్తు. అడవి అంచున ఉన్న మనకి ఈ వరస ఇంకా మిగిలే ఉంది. దూరపు ఊళ్లలో రైతులకి అదీ లేదు.

పెరట్లో చేయగలిగినవి చిన్న పనులే. ధనియాలు, ఆవాలు, ఉల్లి నాలుగేసి మొక్కలు పీకకుండా పూతకు వదిలేయండి. గట్టు మీద ఒక కానుగ, ఒక వేప ఉంచండి. కరివేపాకు ఒక కొమ్మని పూయనివ్వండి. ఉగాది పచ్చడికి వేపపువ్వు కావాలంటే కొమ్మ విరవకుండా కింద గుడ్డ పరిచి దులుపుకోండి. ఒక మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి, ఈగలు మునగకుండా రాళ్ల మీద వాలి తాగుతాయి.

వచ్చేటప్పుడు పెద్దమ్మ, "వానలు పడ్డాక రా, గింజ ఇస్తా" అంది. వెళ్లాను. ఇప్ప గింజ నిల్వ ఉండదు, తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పెట్టేయాలి. పది గింజలు మా ఉత్తరం గట్టు మీద పెడితే నాలుగు మొలిచాయి. అవి పూతకి రావాలంటే పదేళ్ల దాకా పడుతుంది. వీడియో చివర్లో ఎర్ర దారం కట్టిన కర్రల పక్కన కనపడే జానెడు మొక్కలు అవే. ఈ ఫాల్గుణంలో వాటి చుట్టూ ఆకు మందంగా పరిచాను. గట్టు అవతల పొలం ఆయనకి కూడా, "అన్నా, ఈసారి ఇటు అగ్గి పెట్టకు, ఆకు నేనే చిమ్ముకుంటా" అని చెప్పి వచ్చాను. సరేనన్నాడు.

మీ పెరట్లో ఇప్పుడు ఏది పూత మీద ఉందో ఒకసారి తిరిగి చూడండి. పంపు తీసే ముందు పిందె కోసి చూడండి.