దాహం తీర్చి ఎదిగిన నగరం



మక్కాకు నది లేదు, పొలాలు లేవు. చుట్టూ రాతికొండలు, నడుమ పైరు పండని లోయ. అటువంటి చోట ఒక మహానగరం వెలసిందంటే అందుకు మూలం అల్లాహ్ అనుగ్రహం. అది మనుషుల చేతికి అందిన రూపం బాటసారుల సేవ.

హజ్రత్ హాజిరా (అలైహస్సలాం), పసికందు ఇస్మాయీల్ (అలైహిస్సలాం) ఆ లోయలో ఒంటరిగా ఉన్న వేళ జమ్‌జమ్ ఊట పెల్లుబికింది. అటుగా వచ్చిన జుర్హుమ్ తెగవారు ఆకాశంలో తిరుగుతున్న పక్షిని చూసి నీటి జాడ గ్రహించారు. బలం ఉండి కూడా వారు ఆ తల్లి అనుమతి కోరారు. ఆమె అనుమతించారు గాని, నీటిపై యాజమాన్యం మీకు ఉండదన్నారు. వారు సమ్మతించారు. సహీహ్ బుఖారీలో ఉల్లేఖించబడిన ఆ ఒప్పందంతోనే అక్కడ జనవాసం మొదలైంది.

క్రీస్తుశకం 5వ శతాబ్దంలో ఖుసయ్ బిన్ కిలాబ్ ఖురైషులను అక్కడ స్థిరపరచి రెండు బాధ్యతలను ఏర్పరచాడు. యాత్రికులకు నీరందించడం సిఖాయా; పేద యాత్రికులకు అన్నం పెట్టడం రిఫాదా. ఇందుకై ఖురైషులు ఏటా తమ ధనంలో కొంత చెల్లించేవారు. ఖుసయ్ మనుమడు అమ్ర్ కరవు కాలంలో రొట్టెలు తుంచి పులుసులో నానబెట్టి జనానికి పెట్టినందున ‘తుంచేవాడు’ అనే అర్థంలో హాషిమ్‌గా పేరొందాడు. చలికాలంలో యెమన్‌కు, వేసవిలో షామ్‌కు సాగిన వర్తక ప్రయాణాలను దివ్యఖుర్ఆన్ 106వ సూరా ఖురైషులకు గుర్తుచేస్తుంది. పూడిపోయిన జమ్‌జమ్‌ను హాషిమ్ కుమారుడు అబ్దుల్ ముత్తలిబ్ తిరిగి తవ్వించారు.

అయితే సోదరులారా, అతిథిసేవకు పేరొందిన ఆ నగరంలోనే ఒక పరదేశి మోసపోయాడు. యెమన్‌లోని జబీద్ నుంచి వచ్చిన వర్తకుని సరుకు తీసుకొని, ఆస్ బిన్ వాయిల్ అనే నాయకుడు సొమ్ము ఎగవేశాడు. బాధితుడు కొండ ఎక్కి ఎలుగెత్తి న్యాయం కోరాడు. అప్పుడు కొన్ని వంశాలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. సుమారు 20 ఏళ్ళ యువకునిగా అందులో పాల్గొన్న ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం), ఇస్లాం వచ్చాక కూడా అటువంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానన్నారు.

నీరు పోసే చేయి సొమ్ము ఎగవేస్తే ఆ సేవకు విలువ ఏది? యాత్రికులకు నీరు పోయడం విశ్వాసానికి, దైవమార్గంలో పోరాటానికి సమానం కాదని తౌబా సూరా 19వ వాక్యం హెచ్చరించింది. అయినా ఇస్లాం ఆ సేవను రద్దు చేయలేదు. 630లో మక్కా విజయానంతరం సిఖాయా హజ్రత్ అబ్బాస్ (రజియల్లాహు అన్హు) వద్దనే నిలిచింది. దైవప్రవక్త (స) ఒకసారి అక్కడికి వచ్చి నీరు అడిగినప్పుడు, ఇంటి నుంచి వేరే పానీయం తెప్పించబోయారు అబ్బాస్. జనులు చేతులు పెడుతున్న ఆ నీరే ఇవ్వమని ఆయన కోరి తాగారు. జమ్‌జమ్ వద్ద శ్రమిస్తున్నవారిని మెచ్చుకున్నారు.

ఆ పరంపర ఆగలేదు. ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా కొండల నడుమ నుంచి మక్కాకు కాలువ తెప్పించింది. కూఫా నుంచి వచ్చే హజ్ బాట వెంట బావులు, తటాకాలు కట్టించింది. మన హైదరాబాదు రాజ్యపు యాత్రికుల కోసం కూడా అక్కడ రుబాత్‌లనే ఉచిత వసతి గృహాలు వెలిశాయి.

సోదరులారా! మన వీధి మొదట్లో చలివేంద్రం పెట్టడం పుణ్యకార్యమే. అదే వీధిలో పొరుగూరి కూలీకి కూలి ఎగ్గొడితే, అద్దెకు వచ్చిన పరాయివానిని మోసగిస్తే, ఆ కుండలోని నీరు మన పక్షాన సాక్ష్యం చెబుతుందా? నేడు ఇంటికి వెళ్ళే ముందు, మన వద్ద ఏ బాటసారి హక్కు నిలిచిపోయి ఉందో ఆలోచించుకుందాం.

అల్లాహ్ మనకు సేవాభాగ్యాన్ని, దానితోపాటు న్యాయబుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.