చెవిన పడిన వార్తకు రావీ ఎవరు?

మదీనా శివారులోని అవాలీ ప్రాంతంలో నివసించే హజ్రత్ ఉమర్ (రజి), ఆయన పొరుగున ఉండే ఒక అన్సారీ సోదరుడు తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇద్దరికీ పనిపాటలున్నాయి, ఇద్దరూ ప్రతిదినం దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళడం సాధ్యం కాదు. కనుక ఒకనాడు ఒకరు, మరునాడు మరొకరు వెళ్ళేవారు. వెళ్ళినవారు ఆనాటి వహీని, ఆనాటి విశేషాలను తిరిగి వచ్చి రెండవవారికి వినిపించేవారు. ఇమాం బుఖారీ (రహ్మలై) ఈ ఉల్లేఖనాన్ని తమ గ్రంథంలోని జ్ఞాన ప్రకరణంలో చేర్చారు.

ఈ హదీసు పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి, "హజ్రత్, ఇది పాడ్‌కాస్ట్ లాంటిదే కదా?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ పిల్లవాడు తెలియకుండానే మంచి మాట అన్నాడు.

పాడ్‌కాస్ట్ అంటే ఏమిటో తెలియని పెద్దల కోసం ఒక మాట. రేడియో కార్యక్రమం దాని వేళకే వస్తుంది. మనం ఆ వేళకు కూర్చోవాలి. పాడ్‌కాస్ట్ అలా కాదు. రికార్డు చేసిన మాటను ఫోనులో మనకు వీలైనప్పుడు వినవచ్చు, ఆపవచ్చు, మళ్ళీ వినవచ్చు. ఈ పదం 2004లో పుట్టింది. హైదరాబాదు కేంద్రంగా 2018లో మొదలైన ‘సునో ఇండియా’ వంటి సంస్థలు ఇదే పద్ధతిలో వార్తాంశాలను వినిపిస్తున్నాయి. ఆకాశవాణి సైతం తన బులెటిన్లను ‘న్యూస్ ఆన్ ఎయిర్’ ద్వారా ఫోనులోకి తెచ్చింది. పది నిమిషాల ప్రాంతీయ వార్తలను ఫజర్ నమాజు తరువాత వినవచ్చు, పొద్దున తప్పిపోతే రాత్రి ఇషా తరువాతా వినవచ్చు.

దేవరకొండలోని మన కుటుంబాలకు ఈ మార్గం ప్రత్యేకంగా ఉపకరిస్తుందని నా అభిప్రాయం. కారణం భాష. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. బడిలో చదివేది తెలుగు లేదా ఇంగ్లీషు. తాతగారు ఉర్దూ పత్రిక చదువుతారు, మనవడికి ఆ లిపి రాదు. తెలుగు పత్రిక చేతికిస్తే రెండు పొడుగాటి సమాసాలు దాటగానే మడిచి పక్కన పెడతాడు. అదే పిల్లవాడికి వినిపించండి, ఉర్దూ వార్త అయినా, తెలుగు వార్త అయినా ఇట్టే గ్రహిస్తాడు. మెకానిక్ షెడ్డులో పానా పట్టుకున్న కుర్రవాడికీ, కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయికీ చేతులకు ఖాళీ ఉండదు, చెవులు మాత్రం ఖాళీయే. ఆ చెవులలోకి రోజంతా ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. అది ఏమిటన్నదే ప్రశ్న.

వినడం మనకు కొత్తేమీ కాదు. నా బాల్యంలో చాయ్ హోటల్లో ఒకరు ‘సియాసత్’ గట్టిగా చదువుతుంటే చుట్టూ ఉన్న పదిమందీ వినేవారు. జహీరాబాదు దగ్గరి మాచనూరులో 2008 నుండి ‘సంఘం రేడియో’ను దళిత మహిళలే నడిపిస్తున్నారు, చదువు రాకపోవడం అక్కడ వినడానికి గానీ, వినిపించడానికి గానీ అడ్డు కాలేదు. హదీసు శాస్త్రంలో వినికిడికి ఉన్న స్థానం ఇంకా గొప్పది. ఇబ్నుస్సలాహ్ (రహ్మలై) విద్యను స్వీకరించే పద్ధతులు ఎనిమిది అని లెక్కించారు. వాటిలో అగ్రస్థానం ‘సమా’ది, అంటే గురువు నోటి నుండి స్వయంగా వినడం. ఎక్కడో దొరికిన రాతప్రతిని చూసి ఉల్లేఖించే ‘విజాదా’కు చివరి స్థానం దక్కింది.

అయితే సమాకు ఆ స్థానం దక్కింది కంఠస్వరం వల్ల కాదు. ఎవరి నోట విన్నామో తెలిసి ఉండటం వల్ల దక్కింది. మన పిల్లల చెవులకు అందుతున్న మాటల్లో లోపించినది సరిగ్గా ఇదే.

ఇది చిన్న లోపం కాదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వీడియోలు, మాటలు వ్యాపించాయి. మన పొరుగున, పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడిపోయిన జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పల్లెల్లో జనం ఎండాకాలంలో సైతం ఆరుబయట పడుకోవడం మానేశారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి దీనిని గమనించి నాలుగు వందలకు పైగా గ్రామాలలో పోలీసులను ఇంటింటికీ పంపారు, డప్పు కళాకారుల చేత పాటలు పాడించి పుకార్లను ఖండింపజేశారు. అక్కడ ప్రాణాలు పోలేదు. కానీ అదే మే నెలలో, పవిత్ర రమజాను మాసంలో, హైదరాబాదులోని చాంద్రాయణగుట్టలో కొందరు ట్రాన్స్‌జెండర్లను పిల్లల దొంగలని భ్రమించి జనం గుంపుగా కొట్టారు. ఒకరు మరణించారు. ఉపవాస మాసంలో, మనవాళ్ళు దండిగా నివసించే పేటలో ఇది జరిగింది. ఈ మాట రాయడానికి నా కలం వెనుకాడింది. కానీ రాయకుండా దాటవేయడం సబబు కాదు.

పరుల సంగతి చెప్పి నా సంగతి దాచడమూ సబబు కాదు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో నా ఫోనుకు ఒక ఆడియో వచ్చింది. ఫలానా చోట ఉచితంగా సరుకులు పంచుతున్నారు, పేదలకు తెలియజేయండి అని ఒక పెద్దమనిషి గంభీరమైన గొంతుతో చెప్పాడు. సలాముతో మొదలుపెట్టి దుఆతో ముగించాడు. సవాబు దక్కుతుందని నేను దానిని నాలుగైదు గ్రూపులకు పంపాను. మరునాడు మా వీధిలోని ఒక వృద్ధురాలు ఎండలో అంత దూరం నడిచి వెళ్ళి, ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. "మౌలానా సాబ్ పంపారు కదా అని పోయాను బేటా" అంది, కోపం లేకుండానే. ఆ ఆడియోలోని గొంతు ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు.

ముప్ఫై ఏళ్ళుగా ‘ముబ్‌హమ్’ రావీ గురించి పాఠం చెబుతున్నవాడిని నేను. పేరు తెలియని వ్యక్తి ఉల్లేఖనాన్ని ముహద్దిసులు స్వీకరించరని పిల్లల చేత వల్లె వేయించినవాడిని. "ఒకాయన చెప్పాడు" అనే మాట హదీసులో వస్తే ఆగిపోయే నేను, ఫోనులో వస్తే ఆగలేదు. సూరా హుజురాత్ ఆరవ ఆయత్, దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోమంటుంది. లేకుంటే తెలియక ఒక సమూహానికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిస్తుంది. నా విషయంలో ఆ హాని జరిగింది ఒక నిరుపేద ముసలమ్మకు.

ఆ తరువాతే మా తరగతిలో ఒక అలవాటు మొదలుపెట్టాను. విద్యార్థులకు ఫోన్లు నిషిద్ధం కనుక నా ఫోనునే బల్ల మీద పెడతాను. హజ్రత్ ఉమర్ (రజి) పద్ధతిలోనే వంతులు. రోజుకు ఇద్దరు పది నిమిషాల బులెటిన్ విని, జుహర్ తరువాత మూడు నిమిషాల్లో మిగిలినవారికి చెప్పాలి. ప్రతి వార్తకూ సనదు ఉండాలి: ఏ కేంద్రం చెప్పింది, వారికి ఎవరు చెప్పారు, మంత్రిగారి ప్రకటనా, పోలీసుల మాటా, విలేకరి కళ్ళారా చూసినదా? మొదటి వారమంతా క్రికెట్ స్కోర్లే వచ్చాయి. తరువాత ఒకడు ఏదో పాడ్‌కాస్ట్‌లో విన్న వ్యాఖ్యాత ఊహను జరిగిన సంగతిగా చెప్పేశాడు. రివాయత్ వేరు, రాయ్ వేరు అని ఆ రోజు చెప్పినంత తేలికగా నేను మరెన్నడూ చెప్పలేదు.

తోటి ఉపాధ్యాయులు కొందరు అభ్యంతరం చెప్పారు. పాఠానికి సమయం తగ్గుతుంది, ఫోను రుచి మరుగుతుంది, నడుమ సంగీతం వస్తుంది అన్నారు. అది కొట్టివేయదగిన మాట కాదు. పాడ్‌కాస్ట్ పేరుతో సినిమావాళ్ళతో రెండేసి గంటలు కాలక్షేపం చేసేవే ఎక్కువ. వాటిని నేను వార్తల లెక్కలో వేయను. ఇంట్లో మొదలుపెట్టేవారు పది నిమిషాల బులెటిన్ ఒక్కటి ఎంచుకుని, పిల్లవాడిని ఇయర్‌ఫోన్‌తో వదిలేయకుండా అందరూ కలిసి దస్తర్‌ఖాన్ దగ్గర వింటే చాలు.

మొదట చెప్పిన హదీసు అక్కడితో పూర్తికాలేదు. ఒక రాత్రి ఆ అన్సారీ సోదరుడు వచ్చి హజ్రత్ ఉమర్ (రజి) తలుపు గట్టిగా తట్టాడు. గస్సాన్ సైన్యం దండెత్తి వస్తుందని భయపడుతున్న రోజులవి. "గస్సాన్ వచ్చిందా?" అని ఉమర్ (రజి) అడిగితే, అంతకంటే పెద్ద సంగతే, దైవప్రవక్త (స) తమ సతీమణులకు విడాకులిచ్చారని చెప్పాడు. చెప్పినవాడు అబద్ధాలకోరు కాదు, నమ్మకమైన మిత్రుడు. మస్జిదులో జనం ఏడుస్తున్నారు కూడా. అయినా ఉమర్ (రజి) అంతటితో ఊరుకోలేదు. కుమార్తె హఫ్సా (రజి)ను అడిగారు, తెలియదన్నారామె. అనుమతి కోరి, దొరకక, మళ్ళీ మళ్ళీ కోరి చివరకు ప్రవక్త (స)నే స్వయంగా అడిగారు. లేదని జవాబు వచ్చింది. ఇమాం ముస్లిం (రహ్మలై) ఉల్లేఖనంలో ఇంకొక సంగతి ఉంది. ఆ తరువాత ఉమర్ (రజి) మస్జిదు ద్వారం వద్ద నిలబడి, విడాకులివ్వలేదని బిగ్గరగా ప్రకటించారు. పుకారు ఏ మస్జిదులో వ్యాపించిందో ఆ మస్జిదు ద్వారం వద్దనే.

నేను ఆ ముసలమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను గానీ, నేను పంపిన గ్రూపులలో అది తప్పని రాయలేదు. అందుకే మా తరగతిలో చివరి నియమం ఒకటి పెట్టుకున్నాం: నిన్న చెప్పినది తప్పని తేలితే, నేటి వార్తలు దానితోనే మొదలవ్వాలి. మొన్న ఆ వంతు నాకే వచ్చింది. వానల వల్ల మరునాడు బడులకు సెలవని చెప్పాను, సెలవు లేదు. నిలబడి తప్పు ఒప్పుకున్నాను.

"రావీ ఎవరు, హజ్రత్?" అని అడిగాడు ఆ పాడ్‌కాస్ట్ పిల్లవాడు.

"పాలవాడు" అన్నాను.