వివక్ష ఒంట్లోకి ఎలా దిగుతుంది?

అమెరికాలో నల్లజాతి తల్లుల బిడ్డలు తెల్లజాతి తల్లుల బిడ్డల కంటే తక్కువ బరువుతో పుడుతున్నారు. ఏడాది నిండకుండానే చనిపోయే ప్రమాదం కూడా వారికి రెండింతలకు పైనే. ఇదంతా జన్యువుల్లో ఉన్న తేడా అని చాలామంది చాలాకాలం నమ్మారు.

రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ అనే ఇద్దరు శిశువైద్యులు ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. ఇల్లినాయిస్ రాష్ట్రంలో 1980 నుంచి 1995 వరకు జరిగిన జననాల రికార్డులు తీసి, 1997లో ఫలితాలు ప్రకటించారు. అమెరికాలో పుట్టిన తెల్లజాతి తల్లుల బిడ్డల సగటు బరువు 3,446 గ్రాములు. ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన నల్లజాతి తల్లుల బిడ్డలది 3,333 గ్రాములు. అమెరికాలోనే పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డలది 3,089 గ్రాములు. లోపం జన్యువుల్లోనే ఉంటే ఆఫ్రికా నుంచి వచ్చిన తల్లుల బిడ్డలూ అంతే తేలికగా పుట్టాలి. వాళ్లేమో తెల్లవారి బిడ్డల దరిదాపుల్లో ఉన్నారు. వలస వచ్చిన నల్లజాతి తల్లుల కూతుళ్లు అమెరికాలో పెరిగి తల్లులయ్యేసరికి వాళ్ల బిడ్డల బరువు తగ్గిందని 2002లో అదే బృందం చూపింది. ఒక్క తరంలో జన్యువులు మారిపోవు.

మరి మారిందేమిటి? పాము ఎదురైతే మన ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. పాము వెళ్లిపోగానే అన్నీ సద్దుమణుగుతాయి. ఇంటద్దె కట్టలేమన్న బెంగ, దుకాణంలో వెంటాడే అనుమానపు చూపులు, కొడుకును పోలీసులు ఆపితే ఏమవుతుందోనన్న భయం అలా వెళ్లిపోవు. ఆపకుండా నడిపిన బోరు మోటారులా శరీరం లోలోపల కాలిపోతుంది. బీపీ, షుగరు, గుండెజబ్బులు త్వరగా వస్తాయి. నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇలా శరీరం వయసుకు మించి అరిగిపోతుందని పరిశోధకురాలు ఆర్లీన్ జెరోనిమస్ 1992లోనే ప్రతిపాదించారు.

పేదరికం ఒక్కటే కారణమనడానికి లేదు. డిగ్రీ చదివిన నల్లజాతి మహిళలు గర్భం, కాన్పు వల్ల చనిపోయే రేటు, హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి మహిళల రేటుకు 1.6 రెట్లు ఉందని అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2019లో వెల్లడించింది.

ఈ భారం పసివాళ్ల మీద మరింత పడుతుంది. చిన్నతనంలో ఎడతెగని ఒత్తిడి, నేర్చుకోవడానికీ ఆవేశాన్ని అదుపు చేసుకోవడానికీ అవసరమైన మెదడు భాగాల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. హార్వర్డ్‌కు చెందిన శిశువైద్యుడు జాక్ షాంకాఫ్ దీన్నే ‘విష ఒత్తిడి’ అంటారు. కష్టం వచ్చినప్పుడు దగ్గరకు తీసుకునే పెద్దవాళ్లు ఒక్కరున్నా ఆ ఒత్తిడి విషంగా మారకుండా చాలావరకు ఆగుతుంది. కానీ రెండు షిఫ్టులు పనిచేసి వచ్చే తల్లికి ఆ ఓపిక ఎక్కడ మిగులుతుంది? పేదరికం బిడ్డకు దెబ్బ తగిలించి, మందు రాసే చేతిని కూడా కట్టేస్తుంది.

ఆ చేతికి కాస్త వెసులుబాటు దొరికితే ఏమవుతుందో నార్త్ కరోలినాలో తెలిసింది. అక్కడి పిల్లల మానసిక ఆరోగ్యంపై 1993 నుంచి అధ్యయనం జరుగుతుండగా అమెరికా మూలవాసులైన చెరోకీ తెగ ఒక కాసినో తెరిచింది. లాభాల్లో వాటా తెగలోని ప్రతి ఒక్కరికీ అందింది. అలా పేదరికం దాటిన ఇళ్లలో పిల్లల కోపం, మొండితనం, గొడవలు క్రమంగా తగ్గి, ఎన్నడూ పేదరికం ఎరుగని పిల్లల స్థాయికి చేరాయి. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరకడమే ప్రధాన కారణమని ఆ అధ్యయనం చేసిన పరిశోధకురాలు జేన్ కాస్టెల్లో బృందం 2003లో తేల్చింది. పిల్లల్లో దిగులు, ఆందోళన మాత్రం అంతగా తగ్గలేదు. డబ్బు గాయంలో కొంత భాగాన్నే మాన్పగలదు.

ఇది అమెరికా గొడవే అనుకోవద్దు. మన దేశంలో తొమ్మిది రాష్ట్రాల లెక్కలతో 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అగ్రకుల హిందువుల కంటే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువ. ఆ తేడాలో సగం కూడా ఆర్థిక స్థితితో వివరించలేం.

అందుకే ‘టెన్షన్ పడకండి’ అన్న సలహా చాలదు. కుటుంబానికి నిలకడైన ఆదాయం, తల్లికి జీతంతో కూడిన సెలవు, గౌరవంగా చూసే ఆస్పత్రి కావాలి. వీటికి పెట్టే ఖర్చును ప్రజారోగ్య ఖర్చుగానే లెక్కగట్టాలి. అమెరికాలో ఉద్యోగులందరికీ ప్రసూతికి జీతంతో సెలవు ఇచ్చే జాతీయ చట్టం నేటికీ లేదు.