కల్లాల కాపలా, కంటి నిద్ర

దాచేపల్లి మొదలుకొని రెంటచింతల వఱకుగల పల్నాటి నేలయందు మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి కల్లములన్నియు ఎఱ్ఱబాఱును. కోసిన మిరపకాయ ఎండుచున్నన్నాళ్లు దొంగకును అకాల వర్షమునకును వెఱచి రైతు అక్కడనే మంచము వేసికొని కాపలా కాయును. తక్కినవారికి ఆ రాత్రులు అలసట మాత్రమే. బైపోలార్ వ్యాధి గలవానికి గండములు. ఏలయన నిద్ర తఱుగుట ఆ వ్యాధి తిరుగబెట్టుటకు చిహ్నమే కాక హేతువును అగును.

ఈ వ్యాధియందు మనస్సు కొన్నాళ్లు ఉద్రేకమున ఎగయును, కొన్ని నెలలు విషాదమున క్రుంగును. నడుమ మనిషి మనవలెనే యుండును. ఉద్రేకదశలో మూడు గంటలు నిద్రించియు అలసట యెఱుగడు. ఉన్న రెండెకరములు చాలక పదెకరములు కౌలుకు మాట్లాడి, పురుగుమందుల కొట్టులో అప్పు వ్రాయించి వచ్చును. ఇంటివారు మొదట “మావాడికి చురుకొచ్చింది” అని మురియుదురు. క్రుంగినపుడు సోమరియందురు, లేదా గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. తాయెత్తుపై నాకు కోపము లేదు. దానిని కట్టి మాత్ర మాన్పించువారిపైననే కోపము.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియమను లవణము ఉద్రేకము నణచునని ప్రకటించెను. 1954లో డెన్మార్కున మోగెన్స్ షౌ దానిని క్రమమైన పరీక్షకు నిలిపెను. వ్యాధి మరల రాకుండ కాచు మందులలో నేటికిని అది అగ్రగణ్యము. కాని దాని హద్దు మిక్కిలి యిఱుకు: లీటరు రక్తమునకు ఇంచుమించు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ వఱకు హితము, 1.5 దాటిన విషము. మండుటెండలో చెమటతో నీరును ఉప్పును పోయినపుడు మూత్రపిండములు ఉప్పును నిలుపుకొనబోయి దానితోపాటు లిథియమును గూడ నిలుపుకొనును. ఎండకు పేరుమోసిన రెంటచింతల ప్రక్కన బ్రదుకువారికి ఇది చిన్న సంగతి కాదు. దానికితోడు ఒళ్లునొప్పులకని ఆర్.ఎం.పి. వేయు డైక్లోఫినాక్ సూది రక్తమున లిథియమును ఇంకను పెంచగలదు. చేతులు బాగుగా వణకుట, వాంతులు, తూలునడక, మాట ముద్దగుట కనబడినచో తెల్లవాఱుదాక చూతమనక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

కుదుటపడిన యింట మార్పులు పైకి అల్పములే: గోడనున్న క్యాలెండరు అంచున భార్య అతడు నిద్రించిన గంటలు వ్రాయును, రెండు రాత్రులు నాలుగని పడినచో డాక్టరుకు ఫోను చేయును, కల్లము కాపలా బావమఱదికి పోవును, పగటి పని యితనిదే. పని మాన్పించి అరుగుపై కూర్చుండబెట్టుట దయ కాదు. 2022 అక్టోబరు నుండి 14416 నంబరున టెలి మానస్ అను మానసికారోగ్య సేవ సలహా ఉచితముగా దొరకుచున్నది. మానసిక వ్యాధికిని తక్కిన రోగములవలెనే బీమా వర్తింపవలెనని 2017 నాటి చట్టము శాసించుచున్నది.

లిథియము హద్దు దాటెనా యని చూచు రక్తపరీక్షకు వేఱుగ ప్రయాణమక్కఱలేదు. గుంటూరు యార్డుకు టిక్కీలు వేసికొని పోయిననాడే చేయించుకొనవచ్చును. రాత్రి మాత్ర వేసికొనిన పండ్రెండు గంటలకు రక్తమీయవలెను గనుక, ఆ ఉదయపు మాత్రను జేబులోనే యుంచుకొని, సూది గ్రుచ్చిన పిమ్మట మ్రింగవలెను.